నాలుగు తీగలు చాలవా? ఐదు, ఆరు తీగల బేస్ గిటార్ మీకు అవసరమో కాదో తేల్చుకునే విధానం

గాయని ఐదో శ్రుతిలో, అంటే జి షడ్జంగా పాడుతున్నారనుకోండి. పల్లవి చివర బేస్ గిటార్ జి నుంచి ఎఫ్ షార్ప్ మీదుగా ఇ దాకా వచ్చి, ఆ కింద డి మీద ఆగాలి. నాలుగు తీగల గిటార్‌లో జి లావు తీగ మూడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) మీద ఉంటుంది, ఎఫ్ షార్ప్ రెండో ఫ్రెట్ మీద ఉంటుంది, ఇ మాత్రం ఏ ఫ్రెట్టూ నొక్కకుండా ఓపెన్ తీగ మీటితే పలుకుతుంది. ఆ కిందికి దారి లేదు. డి కావాలంటే పక్క తీగ ఐదో ఫ్రెట్‌కు వెళ్లి, ఒక స్థాయి పైనున్న డిని పట్టుకోవాలి. అంతవరకు మెట్టుమెట్టుగా దిగిన వరస చివరి మెట్టు దగ్గర పైకి ఎగిరిపోతుంది. వినేవారికి అది అపస్వరంగా తోచదు గానీ, పాట దిగి కూర్చోవలసిన చోట కూర్చోలేదన్న వెలితి మిగులుతుంది. ఐదో తీగగా కింద బి ఉన్న గిటార్‌లో ఆ డి ఎక్కడో లేదు. జి నొక్కిన ఆ మూడో ఫ్రెట్ మీదే, పక్కనున్న బి తీగపై ఉంది.

ఎక్కువ తీగల బేస్ గిటార్ కొనాలా వద్దా అని నన్ను అడిగేవారితో నేను ఇలాంటి చోట్లను లెక్కపెట్టమనే చెబుతాను. సినిమా పాటల ఆర్కెస్ట్రాలలోను, చర్చిలలోను చాలా ఏళ్లుగా బేస్ వాయిస్తున్నాను. మొదట నాలుగు తీగలతో, మధ్యలో కొంతకాలం ఆరు తీగలతో వాయించి, ఇప్పుడు ఐదు తీగల దగ్గర నిలిచాను. ఆ అనుభవంలో నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: ఈ నిర్ణయం గిటార్‌ను చూసి చేసేది కాదు, మీరు వాయించే పాటల పుస్తకాన్ని చూసి చేసేది.

అసలు నాలుగు తీగలే ఎందుకు వచ్చాయో తెలిస్తే మిగిలినది సులువుగా అర్థమవుతుంది. గిటార్ల తయారీదారు లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ నిలువుగా పట్టి వాయించే డబుల్ బేస్‌కు బదులుగా వచ్చిన వాద్యం. అందుకే తీగల శ్రుతి కూడా దానిదే: ఇ, ఏ, డి, జి. లావు ఇ తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. 1965లో ఫెండర్ సంస్థే ఐదు తీగల గిటార్ ఒకటి తయారు చేసింది గానీ, అందులో అదనపు తీగ పైన సన్నని సి. అది ఎక్కువ కాలం నిలవలేదు. 1975లో బేస్ వాద్యకారుడు ఆంథొనీ జాక్సన్ కోసం గిటార్ల తయారీదారు కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బేస్ చేశారు. అందులో కింద బి, పైన సి రెండూ ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది మరో బేస్ వాద్యకారుడు జిమ్మీ జాన్సన్ అలెంబిక్ సంస్థ దగ్గర కింద బి ఉన్న ఐదు తీగల గిటార్ చేయించుకున్నారు. 1980లలో సింథసైజర్ బేస్ పాటల్లోకి వచ్చి ఇ కంటే కింది స్వరాలను మామూలు చేసేసింది. ఆ స్వరాలు స్టూడియోలో వాయించి చూపవలసిన అవసరం బేస్ వాద్యకారులకు వచ్చి పడింది. కింది తీగ ఇలా పని ఒత్తిడి వల్ల వ్యాపించింది. పై తీగ వాయించేవారి ఊహ నుంచి పుట్టింది. ఈ తేడా మీ నిర్ణయానికి చాలా ముఖ్యం.

పాటల పుస్తకం ఏం చెబుతోంది

గత నెల రోజుల్లో మీరు వాయించిన పాటలన్నీ ఒక కాగితం మీద రాసి, ఒక్కో పాట పక్కన శ్రుతి వేయండి. మన గాయకుల లెక్కలో ఒకటి అంటే సి, ఒకటిన్నర అంటే సి షార్ప్, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. మగవారు ఎక్కువగా ఒకటి, రెండు శ్రుతుల మధ్య పాడతారు. అంటే వారి మంద్ర షడ్జమే మీ నాలుగు తీగల గిటార్‌లో లేదు. ఐదు, ఐదున్నర శ్రుతుల్లో పాడే ఆడవారికి షడ్జం మూడో ఫ్రెట్, నాలుగో ఫ్రెట్ దగ్గర హాయిగా దొరుకుతుంది గానీ, దాని కింది పంచమం డి లేదా ఇ ఫ్లాట్ అవుతుంది కాబట్టి అది దొరకదు. ఇ, ఎఫ్, ఏ శ్రుతుల్లో నడిచే పాటలకు ఈ ఇబ్బంది తక్కువ. పాశ్చాత్య రాక్ సంగీతం గిటార్ చేతికి అనువైన ఇ, ఏలలో ఎక్కువగా నడుస్తుంది కనుక ఆ పాటలు మాత్రమే వాయించేవారికి నాలుగు తీగలు దశాబ్దాలుగా సరిపోతున్నాయి.

శ్రుతి రాసిన తరువాత రెండు రకాల గుర్తులు పెట్టండి. స్వరం కిందికి వెళ్లవలసి ఉండి, తీగ లేక పైస్థాయిలో వాయించిన చోట ఒక గుర్తు. సన్నని జి తీగ మీద పన్నెండో ఫ్రెట్ దాటి వెళ్లి, అక్కడ కూడా చోటు చాలక ఆగిన చోట మరో గుర్తు. ఇక్కడ నిజాయతీ అవసరం. కింద డి ఉంటే బాగుండునని ఇప్పుడు ఊహించి పెట్టే గుర్తు లెక్కలోకి రాదు. వాయిస్తున్న క్షణంలో చేయి దారి వెతుక్కుని తిరిగి వచ్చిన చోటే లెక్క. నేను ఒక డిసెంబరు నెల క్రిస్మస్ కార్యక్రమాలలో ఇలా రాసుకుంటే, డి, ఇ ఫ్లాట్‌లలో పాడే పాటలున్న పేజీల్లో మొదటి రకం గుర్తులు రెండు మూడేసి వచ్చాయి. రెండో రకం గుర్తు కోసం పుస్తకమంతా వెతకవలసి వచ్చింది. ఆరు తీగల గిటార్ నా పనికి సంబంధించినది కాదని నాకు తెలిసింది ఆ కాగితం మీదే, దానిని కొని ఏడాది గడిచిన తరువాత.

కీబోర్డు వాయించేవారితో కలిసి పనిచేసేవారు మరొక విషయం కూడా చూసుకోవాలి. వేదిక మీద గాయకుడు అర శ్రుతి తగ్గించమంటే కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మీట నొక్కితే చాలు. మన చేయి మాత్రం నిజంగా జరగాలి. ఓపెన్ తీగల మీద ఆధారపడి నేర్చుకున్న వరస అర శ్రుతి జరిగితే చెదిరిపోతుంది. ఐదు తీగల గిటార్‌లో ఇ స్వరం బి తీగ ఐదో ఫ్రెట్ మీద కూడా దొరుకుతుంది. చేతిని ఐదు నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు నాలుగు గడుల్లోనే ఉంచి, లావు వైపు ఇ నుంచి సన్న వైపు ఇ ఫ్లాట్ వరకు, అంటే రెండు స్థాయిలకు ఒక్క స్వరస్థానం తక్కువగా, కదలకుండా వాయించవచ్చు. అక్కడి వరసలో ఓపెన్ తీగలు లేవు కాబట్టి శ్రుతి మారినప్పుడు మొత్తం చేతిని ఒక గడి జరిపితే సరిపోతుంది. ఐదో తీగ కలిపేది కింద ఐదు స్వరస్థానాలు మాత్రమేనని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో ఈ నిలకడే దాని అసలు లాభం. కింది బిని ఓపెన్‌గా మీటే సందర్భం నాకు అరుదుగా వస్తుంది. బి తీగ మీద మూడు నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు మాత్రం ప్రతి కార్యక్రమంలోను తిరుగుతాను.

కొనే ముందు ప్రయత్నించవలసినవి

గుర్తులు కొద్దిగానే ఉండి, అవన్నీ డి చుట్టూ తిరుగుతుంటే కొత్త గిటార్ అక్కర్లేదు. ఇ తీగను రెండు స్వరస్థానాలు దించి డి చేసుకుంటే పని జరుగుతుంది. పాటల మధ్య చేతితో తిప్పుకోవడం కష్టమైతే, బిరడ దగ్గర మీట జరిపితే తీగ డికు దిగే అమరికలు దొరుకుతాయి. ఆ తీగ మీద స్వరాలన్నీ రెండు ఫ్రెట్లు ముందుకు జరుగుతాయన్నది మాత్రం అలవాటు చేసుకోవాలి. సి వరకు దిగవలసి వచ్చేవారికి ఇది చాలదు.

నాలుగు తీగల గిటార్‌నే బి, ఇ, ఏ, డిగా మార్చడం ఇంకో మార్గం. ఐదు తీగల సెట్ కొని సన్నని జి తీగను పక్కన పెట్టి, మిగిలిన నాలుగింటినీ బిగిస్తారు. లావు బి తీగ పాత నట్ (బిరడల వైపు తీగలు ఆనే పట్టీ) గాడిలో పట్టదు కనుక దానిని అరగదీయించాలి, బ్రిడ్జి (రెండో కొసన తీగలు ఆనే చోటు) దగ్గర తీగ నిడివి సరిచేయించాలి, నెక్ వంపు కూడా చూపించాలి. పై వైపు ఐదు స్వరస్థానాలు పోతాయి. గిటార్లు రెండున్నవారికి, ఎప్పుడూ కిందనే వాయించే హెవీ మెటల్ బృందాలవారికి ఇది మంచి ఉపాయం. ఒకే గిటార్‌తో అన్ని రకాల పాటలూ వాయించేవారికి నేను సలహా ఇవ్వను. ఆక్టేవ్ పెడల్ స్వరాన్ని ఒక స్థాయి కిందికి దించి వినిపిస్తుంది గానీ, లావు తీగ మీది స్వరాలను అది తడబడుతూ పట్టుకుంటుంది. పైగా దాని నాదం సింథసైజర్‌కు దగ్గరగా ఉంటుంది. అది కావాలనుకున్న చోట బాగుంటుంది, దిగే వరసలో లేని మెట్టును పూడ్చడానికి పనికిరాదు.

మీ ధ్వని ఎక్కడి నుంచి వస్తుంది

ఓపెన్ బి తీగ సెకనుకు సుమారు 31 సార్లు కంపిస్తుంది. దాని మొదటి ఫ్రెట్ మీది సి దాదాపు 33, మూడో ఫ్రెట్ మీది డి దాదాపు 37. ఒకే పది అంగుళాల స్పీకరున్న చిన్న యాంప్ ఈ కంపనాలను నిండుగా వినిపించలేదు. అయినా స్వరం తెలుస్తుంది. దాని రెట్టింపు, మూడింతల కంపనాలు వినబడుతుంటే చెవి అసలు స్వరాన్ని ఊహించుకోగలదు. తెలియనిది ఆ స్వరం బరువు. అందుచేత ఇంట్లో చిన్న యాంప్ మీద వాయించి బి తీగ బాగాలేదని తీర్మానించకూడదు. సబ్ వూఫర్లున్న పెద్ద సౌండ్ సిస్టంలో విని, అదే ధ్వని అన్నిచోట్లా వస్తుందనీ ఆశించకూడదు. మీరు నెలకు ఎన్నిసార్లు ఎలాంటి స్పీకర్ల మీద వాయిస్తారో, ఆ స్పీకర్ల మీదే విని తేల్చుకోండి.

గోడలు నున్నగా, కప్పు ఎత్తుగా ఉండే కల్యాణ మండపాల్లో మంద్ర స్వరాలు గదంతా గిరగిర తిరిగి పాటను ముంచేస్తాయి. ఐదు తీగల గిటార్ చేతిలో ఉన్నా అలాంటి చోట నేను పైస్థాయిలోనే వాయిస్తాను. కీబోర్డు ఎడమచేయి కూడా అదే కింది భాగంలో తిరుగుతుంటే రెండూ కలిసి ముద్దగా వినిపిస్తాయి. కార్యక్రమానికి ముందే ఆ కళాకారుడితో మాట్లాడుకుని ఎడమచేతిని ఒక స్థాయి పైకి జరపమని కోరడం, నా అనుభవంలో, కొత్త యాంప్ కొనడం కన్నా ఎక్కువ ఫలితమిచ్చింది. మీ బృందంలో ఆ మాట వినేవారు లేకపోతే కింది తీగకు సగం విలువే మిగులుతుంది.

చేతికి, ఒంటికి పట్టేదేనా

తీగలు పెరిగితే నెక్ వెడల్పు అవుతుంది. నాలుగు తీగల ఫెండర్ జాజ్ బేస్‌లో నట్ దగ్గర వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు. ఐదు తీగల గిటార్లలో అది 45 నుంచి 47 వరకు, ఆరు తీగల వాటిలో 54 చుట్టుపక్కల ఉంటుంది. చేయి చిన్నదని భయపడనక్కర్లేదు. బొటనవేలు నెక్ పైకి పొడుచుకు రాకుండా వెనక వైపు మధ్యలో ఆనించి పట్టే అలవాటు ఉంటే చిన్న చేయి కూడా బి తీగను అందుకుంటుంది. ఆ అలవాటు లేనివారికి మణికట్టు నొప్పి మొదలవుతుంది, నొప్పితో వాయించడం ఎవరికీ మంచిది కాదు.

కుడిచేతి వైపు కొలత ఇంకా ముఖ్యం. నాలుగు తీగల గిటార్‌లో బ్రిడ్జి దగ్గర తీగకు తీగకు మధ్య ఎడం సాధారణంగా 19, 20 మిల్లీమీటర్లు. ఐబనేజ్ ఎస్ఆర్ వరసలోని ఐదు తీగల గిటార్లలో అది 16.5 మాత్రమే. మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఐదు తీగల గిటార్‌లో 17.5. వేళ్లతో మీటేవారికి ఇరుకు త్వరగానే అలవాటవుతుంది. బొటనవేలితో కొట్టి, చూపుడువేలితో లాగి స్లాప్ వాయించేవారికి ఆ రెండు మూడు మిల్లీమీటర్లు పెద్ద తేడా. అలాంటివారు 19కి దగ్గరగా ఉన్న గిటార్ కోసమే చూడాలి.

అన్నిటికన్నా ఎక్కువ సాధన కోరేది తీగలను అణచిపెట్టడం. మీరు డి వాయిస్తుంటే పట్టించుకోని బి తీగ దానంతట అది కంపించి సన్నగా హోరు పెడుతుంది. పెద్ద స్పీకర్ల దగ్గర అది ఇంకా పెరుగుతుంది. నాలుగు తీగల గిటార్‌లో బొటనవేలిని పికప్ (తీగల కంపనాన్ని పట్టే భాగం) మీద ఆనించి వాయించేవారు ఇప్పుడు దానిని తీగల మీదికి తేవాలి. ఏ తీగ మీటుతుంటే దానికి పైనున్న లావు తీగల మీద బొటనవేలు పడుకుని ఉండాలి, వేళ్లు అటు జరిగితే అదీ వెంట జరగాలి. ఈ ఒక్క పని చేతికి రావడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. రోజూ సాధనకు అరగంట కూడా దొరకనివారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి.

బరువు మాట కూడా చెప్పాలి. ఐదు తీగల గిటార్లు నాలుగు నుంచి నాలుగున్నర కిలోల వరకు, ఆరు తీగలవి అంతకు మించి కూడా ఉంటాయి. సంక్రాంతి రాత్రి నాలుగు గంటల కచేరీలో నిలబడి వాయించేవారికి అరకిలో తేడా కూడా భుజానికి తెలుస్తుంది.

ఆరు తీగలు ఎవరికి

మీ కాగితం మీద రెండో రకం గుర్తులు నిజంగా ఎక్కువగా ఉంటే, అంటే మీరు బేస్ మీద తీగలు కలిపి కార్డ్‌లు వాయించడం, ఒంటరిగా పాట నడిపించడం, స్వరకల్పన చేయడం వంటివి తరచు చేస్తుంటే, ఆరు తీగలు మీకు తగినవే. 24 ఫ్రెట్లున్న ఆరు తీగల గిటార్ పరిధి కింది బి నుంచి నాలుగు స్థాయిల ఒక స్వరస్థానం. కీర్తనలను బేస్ మీద సాధన చేసేవారికి సన్నని సి తీగ మీద గమకాలు పలికించడం లావు తీగల మీదకన్నా తేలిక. ఆ పని మీద ప్రేమ ఉన్నవారిని నేను వెనక్కు లాగను. కాకపోతే కింది తీగ అవసరం లేకుండా పై తీగ ఒక్కటే కావాలనుకునేవారికి మరో దారి ఉంది. ఐదు తీగల గిటార్‌కు బి తీయించి ఇ, ఏ, డి, జి, సి తీగలు వేయించుకోవచ్చు. నెక్ ఆరు తీగలంత వెడల్పు కాదు, సి దొరుకుతుంది. ఏడు తీగలు, ఇంకా కిందికి ఎఫ్ షార్ప్ ఉన్న గిటార్ల సంగతి వేరు. ఆ ఎఫ్ షార్ప్ సెకనుకు 23 కంపనాలు, మన చెవి పట్టగల అంచుకు దగ్గర. పాటకు పక్కవాద్యం వాయించేవారికి దానితో పని పడదు.

దుకాణంలో ఏం చూడాలి

గిటార్‌ను ముందుగా యాంప్‌కు కలపకుండా వాయించండి. బి తీగ ఐదో ఫ్రెట్ నొక్కి ఒకసారి, పక్కనున్న ఓపెన్ ఇ తీగను ఒకసారి మీటండి. రెండూ ఒకే స్వరం. బి తీగ మీది ఇ స్వరం మూగబోయినట్టు, లేదా తీగ ఫ్రెట్లకు తగిలి గలగలమన్నట్టు ఉంటే కారణం కనుక్కోవాలి. తరువాత పన్నెండో ఫ్రెట్ దగ్గర ట్యూనర్‌తో శ్రుతి చూడండి. బి తీగ అక్కడ తప్పితే బ్రిడ్జి దగ్గర సరిచేయడానికి చోటు మిగిలి ఉందో లేదో గమనించండి.

తీగ బిగువు దాని నిడివి మీద ఆధారపడుతుంది. మామూలు గిటార్‌లో నట్ నుంచి బ్రిడ్జి వరకు 34 అంగుళాలు. అదే తీగను అదే స్వరానికి 35 అంగుళాల గిటార్‌లో బిగిస్తే బిగువు దాదాపు ఆరు శాతం పెరుగుతుంది. డింగ్వాల్ వంటి సంస్థలు ఫ్రెట్లను విసనకర్రలా పరిచి బి తీగను 37 అంగుళాల వరకు చాపుతాయి, అప్పుడు పెరుగుదల 18 శాతం. అయితే 34 అంగుళాల గిటార్లన్నీ వదులుగా ఉంటాయనుకోవడం పొరపాటు. నేను కొన్న మొదటి ఐదు తీగల గిటార్‌లో బి తీగ తాడులా ఊగేది. తిరిగి ఇచ్చేద్దామనుకునేంతగా విసుగు వచ్చింది. విప్పి కొలిస్తే దుకాణంవారు వేసిన తీగ మందం అంగుళంలో వెయ్యింట 120 వంతులే ఉంది. 130 మందం తీగ వేయించి, నెక్ వంపు సరిచేయించాక అదే గిటార్ నాతో ఇప్పటికీ ఉంది. కాబట్టి బి తీగ నచ్చకపోతే గిటార్‌ను తిరస్కరించేలోపు తీగ మందం అడగండి.

చివరగా పట్టీ తగిలించుకుని నిలబడి రెండు చేతులూ వదిలేయండి. బిరడల వైపు బరువెక్కి నెక్ నేల వైపు వాలిపోతుంటే, ఎడమచేయి స్వరం నొక్కే పనితో పాటు గిటార్‌ను మోసే పని కూడా చేయవలసి వస్తుంది. తీగల ఖర్చు కూడా అడిగి తెలుసుకోండి. ఐదు తీగల సెట్లు పెద్ద ఊళ్లలోని దుకాణాల్లో దొరుకుతాయి. ఆరు తీగల సెట్ కావాలంటే చాలాసార్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకుని ఒకటి దగ్గర ఉంచుకోవలసి ఉంటుంది.

వీలైతే కొనే ముందు తోటి వాద్యకారుల దగ్గర ఐదు తీగల గిటార్ రెండు వారాలు అరువు తెచ్చుకోండి. మొదటి వారం చేయి అలవాటుగా పై అంచు తీగనే ఇ అనుకుని వెళ్తుంది, వాయించినదంతా ఐదు స్వరస్థానాలు కిందకు పోతుంది. ఆ తడబాటును చూసి తీర్పు చెప్పకండి. రెండో వారంలో నాలుగు తీగల గిటార్‌ను ముట్టుకోకుండా, మీరు గుర్తులు పెట్టిన పాటలనే మీ బృందంతో, మీరు మామూలుగా వాడే స్పీకర్ల మీద వాయించండి. జి నుంచి డి దాకా దిగే ఆ వరస వచ్చినప్పుడు డ్రమ్స్ వాయించేవారి ముఖం చూడండి. మీరు చెప్పకుండానే వారు తల తిప్పి చూస్తే గిటార్ కొనుక్కోవచ్చు.